3+ అని పెట్టే ముందు: బెంగళూరులో యాప్‌లు చేసే తెలుగువాళ్లకు బహిరంగ లేఖ

ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా, కోరమంగళలో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో, వైట్‌ఫీల్డ్‌లో కూర్చుని ఫోన్ యాప్‌లు, గేమ్‌లు తయారుచేస్తున్న మనవాళ్లందరికీ నమస్కారం.

నాదీ మీ పనే. యాప్ స్టోర్‌లోకి వెళ్లే ముందు దాన్ని పరీక్షించడం, స్టోర్ అడిగే ఫారాలు నింపడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఆదివారాలు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకీ, చుట్టుపక్కల పనిచేసుకునే మన ఊళ్లవాళ్ల పిల్లలకీ తెలుగు చదవడం, రాయడం నేర్పుతాను. వారమంతా ఆఫీసులో మనం నింపే ఫారం ఆదివారం ఆ పిల్లల చేతిలో ఎలా తేలుతోందో చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ యాప్ పేజీ మీద ఉండే వయసు అంకె గురించి మీతో మాట్లాడాలి. 3+, 7+, 12+, 16+, 18+ అని ఉంటుందే, దాని గురించి.

ఆ అంకె ఎక్కడి నుంచి వస్తుందో మనకు తెలుసు. బయట చాలామందికి తెలియదు. మా క్లాసుకు వచ్చే తల్లిదండ్రుల్ని అడిగితే 'గూగుల్ వాళ్లు చూసి ఇస్తారు కదా' అంటారు. సినిమాకు సెన్సార్ ఉన్నట్టు దీనికీ గవర్నమెంటువాళ్లు ఎవరో ఉంటారని ఇంకొందరి నమ్మకం. ఆ అంకె వేయడానికి విడుదలకు ముందు ఎవరూ కూర్చుని చూడరని చెబితే నా మొహం అనుమానంగా చూస్తారు.

ప్లే స్టోర్‌లో యాప్ పెట్టడానికి మనం వాడే ప్లే కన్సోల్‌లో కంటెంట్ రేటింగ్ అనే పేజీ ఉంటుంది. ఈమెయిల్ ఇచ్చి, మీది గేమా, సోషల్ యాపా, ఇంకోటా అని చెబితే ప్రశ్నలు మొదలవుతాయి. హింస ఉందా, రక్తం కనబడుతుందా, అశ్లీలం, బూతులు, మద్యం, మత్తు, జూదం ఉన్నాయా, వాడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చా, ఉన్న చోటు ఇతరులకు తెలుస్తుందా, లోపల డబ్బు పెట్టి ఏమైనా కొనొచ్చా. అవును, కాదు అని నొక్కుకుంటూ పోతే చివర రేటింగ్ వచ్చేస్తుంది. పైసా ఖర్చు లేదు, టీ చల్లారేలోపు పని అయిపోతుంది. వయసు రేటింగులిచ్చే సంస్థలు కలిసి 2013లో ఏర్పరచుకున్న ఐఏఆర్‌సీ అనే అంతర్జాతీయ కూటమి పద్ధతి ఇది. గూగుల్ ప్లే 2015లో దీన్ని తీసుకుంది. మనం ఇచ్చిన ఆ ఒక్క జవాబుల కట్ట నుంచే అమెరికాకు ఈఎస్‌ఆర్‌బీ, యూరప్‌కు పెగి, జర్మనీకి యూఎస్‌కే, బ్రెజిల్‌కు క్లాస్‌ఇండ్ రేటింగులు పుట్టుకొస్తాయి. అలాంటి సంస్థ లేని మనలాంటి దేశాలకు ఐఏఆర్‌సీ సాధారణ అంకె వేస్తారు. ఆ సంస్థలు తర్వాత తనిఖీ చేసి మార్చే అవకాశం ఉంది. కానీ యాప్ జనంలోకి వెళ్లే రోజున ఆ పేజీ మీద ఉండేది మన మాటే.

సినిమాకు 1952 నాటి చట్టం ఉంది, బోర్డు ఉంది. 2023లో ఆ చట్టాన్ని సవరించి పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాల్సిన యూఏ వర్గాన్ని 7+, 13+, 16+ అని విడదీశారు. ఓటీటీకి 2021 ఐటీ రూల్స్‌లో ఐదు వర్గాలు పెట్టి, 13+ నుంచి పైవాటికి పేరెంటల్ లాక్ ఉండాలన్నారు. యాప్‌కు మాత్రం తయారుచేసినవాళ్లే సర్టిఫికెట్ రాసుకుంటున్నారు. దీనికి కూడా ఒక బోర్డు పెట్టమని నేను ఢిల్లీని అడగడం లేదు. వారం వారం అప్‌డేట్ అయ్యే లక్షల యాప్‌లను ఏ కమిటీ కూర్చుని చూస్తుంది? అది అయ్యే పని కాదు. అందుకే ఢిల్లీకి రాయకుండా మీకు రాస్తున్నాను.

మా క్లాసుకు వచ్చే ఒక అబ్బాయి నాలుగో తరగతి చదువుతున్నాడు. వాళ్లమ్మది మదనపల్లె దగ్గర పల్లెటూరు, ఇక్కడ మా వీధిలో ఇళ్లలో వంట చేస్తుంది. ఆమె పనిలో ఉన్నంతసేపూ పిల్లాడి దగ్గర ఒక పాత ఫోన్ ఉంటుంది. ఆమె అజాగ్రత్త మనిషి కాదు. పని చేసే ఇంట్లో కాలేజీ అమ్మాయిని అడిగి ప్లే స్టోర్‌లో సెట్టింగ్స్, ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్ దాకా వెళ్లి తాళం వేయించింది. 7+ దాటినవి డౌన్‌లోడ్ కావు. పిన్ ఆమెకే తెలుసు, పిల్లాడికి చెప్పలేదు.

ఆ అబ్బాయికి లారీలు నడిపే ఒక గేమ్ ఇష్టం. ఘాట్ రోడ్డు మలుపులు, వానలో వైపర్లు, రకరకాల హారన్లు, నిజంగా ముచ్చటగా చేశారు. పేజీ మీద 3+. తాళం దాన్ని ఆపలేదు, ఆపాల్సిన పనీ లేదు అప్పటికి. తర్వాత ఒక అప్‌డేట్‌లో 'ఫ్రెండ్స్‌తో కలిసి నడపండి' అనే బటన్ వచ్చింది. నొక్కితే ఒక రూమ్ తెరుచుకుంటుంది. మైక్ పర్మిషన్ అడుగుతుంది. ఆట ఆగిపోకూడదు కాబట్టి పిల్లాడు 'అలౌ' నొక్కేస్తాడు. ఒక ఆదివారం క్లాసు మొదలు కాకముందు వాడు మూలన కూర్చుని ఆడుతుంటే ఫోన్‌లోంచి ఒక పెద్ద మగమనిషి గొంతు, తెలుగులోనే, తీరిగ్గా అడుగుతోంది: "ఏ ఏరియారా మీది? ఏ స్కూలు? అమ్మ ఇంట్లో ఉందా?" వీడు స్టీరింగ్ తిప్పుతూనే, ఏ అనుమానం లేకుండా, "లేదన్నా, పనికి పోయింది" అంటున్నాడు. ఫోన్ తీసుకుని చూశాను. అదే రూమ్‌లో ఇంకో ఇద్దరు అమ్మనూ అక్కనూ కలిపి తిట్టుకుంటున్నారు. వెంటనే స్టోర్ పేజీ తెరిచాను. పైన 3+ అలాగే ఉంది. బాగా కిందికి వెళ్తే 'యూజర్స్ ఇంటరాక్ట్', అంటే వాడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవచ్చని, చిన్న అక్షరాల్లో ఒక ముక్క.

సాయంత్రం వాళ్లమ్మకు చెబితే ఆమె అన్న మాట ఇది: "మూడేండ్లు దాటినోళ్లు ఆడుకోవచ్చు అని రాసిండారు కదక్కా. అది చూసే కదా ఏసిచ్చినా."

ఆమెకు ఏం జవాబు చెప్పాలి? ఆమె చేయగలిగిందంతా చేసింది. పేరెంటల్ కంట్రోల్ అనే తాళానికి సొంత బుర్ర లేదు, అది మనం ఫారంలో నొక్కిన జవాబుల్నే నమ్ముకుని పనిచేస్తుంది. అక్కడ మనం అబద్ధం చెప్పినా, పాత జవాబును అలాగే వదిలేసినా, తాళం వేసిన ఇల్లూ వేయని ఇల్లూ ఒకటే అవుతాయి. పైగా తాళం వేసుకున్న తల్లి ఇక భయం లేదని ఫోన్ వైపు చూడటం తగ్గిస్తుంది. ఏ తాళమూ వేయని ఇంటి కంటే ఇది ఇంకా ప్రమాదం.

ఇక్కడ మీరు ఒక మాట అంటారు, అందులో న్యాయం ఉంది. చాట్ ఉందని నిజాయితీగా టిక్ పెట్టినా ఐఏఆర్‌సీలో చాలాసార్లు అంకె పెరగదు, కింద ఆ చిన్న ముక్క మాత్రమే చేరుతుంది. నిజమే. ఆ పద్ధతి బొమ్మలో, మాటలో ఉన్నదాన్ని తూకం వేస్తుంది కానీ అవతల ఎవరున్నారో తూకం వేయదు. ఇది పద్ధతిలోని లోపం. కొన్ని దేశాలు దీన్ని గుర్తించాయి కూడా. జర్మనీలో యూఎస్‌కే 2023 నుంచి చాట్, గేమ్ లోపలి కొనుగోళ్ల వంటి ముప్పులను రేటింగ్‌లో లెక్కలోకి తీసుకుంటోంది. ఆస్ట్రేలియాలో 2024 సెప్టెంబర్ నుంచి డబ్బు పెట్టి కొనే లూట్ బాక్సులు (లోపల ఏముందో ముందు తెలియని పెట్టెలు) ఉన్న గేమ్‌కు కనీసం ఎం రేటింగ్ (15 ఏళ్లలోపువాళ్లకు తగదని) ఇవ్వాలి, జూదాన్ని అనుకరించే గేమ్‌కు ఆర్18+ (పెద్దలకే) ఇవ్వాలి. అంటే ఒకే గేమ్ సిడ్నీలో ఒక అంకెతో, మారతహళ్లిలో ఇంకో అంకెతో ఉండొచ్చు. మన పిల్లలకు వచ్చేది తక్కువ అంకె. పద్ధతి ఎత్తి చూపనిదాన్ని మనమే చెప్పాలని నేను అడుగుతున్నది ఇందుకే. అంకె తక్కువ వచ్చింది కాబట్టి మన బాధ్యత అయిపోయిందని చేతులు దులుపుకోకూడదు.

ఇంకో ఫారం సంగతి. కంటెంట్ రేటింగ్ వేరు, టార్గెట్ ఆడియన్స్ వేరు. రెండోదాంట్లో ఐదేళ్లలోపు, 6–8, 9–12, 13–15, 16–17, 18 పైన అని ఎవరి కోసం చేశామో చెప్పాలి. బ్యాంకు యాప్‌లకు, కాలిక్యులేటర్లకు కూడా 3+ రేటింగే వస్తుంది, ఎందుకంటే అందులో హింసా లేదు, బూతూ లేదు. అంతమాత్రాన అవి మూడేళ్ల పిల్లల కోసం చేసినవి కావు. ఈ తేడా మనకు తెలుసు. పేజీ చూసే తల్లికి 3+ అంటే 'మూడేళ్ల పిల్లలకు పనికొస్తుంది' అనే అర్థం. ఆమె అలా అనుకోవడంలో తప్పేముంది? అంకె పక్కన వయసే కదా రాసి ఉంది.

ఈ తేడాని వాడుకోవడం కూడా మన ఆఫీసుల్లో ఉంది. పిల్లల వయసులు టిక్ పెడితే గూగుల్ ఫ్యామిలీస్ పాలసీ వర్తిస్తుంది, ఆ పాలసీకి ఒప్పుకున్న యాడ్ నెట్‌వర్కులనే వాడాలి, డేటా తీసుకోవడం మీద కట్టుబాట్లుంటాయి. దాంతో "కిడ్స్ పెడితే యాడ్ రెవెన్యూ పడిపోద్ది, 13 ప్లస్ పెట్టెయ్" అని ఒకరు అంటారు, ఇంకొకరు పెట్టేస్తారు. ఐకాన్ మీద మాత్రం పెద్ద కళ్ల కుక్కపిల్ల నవ్వుతూ ఉంటుంది. ఈ మాట నేను మీటింగుల్లో విన్నాను, మీరూ వినే ఉంటారు. పిల్లల్ని ఆకర్షించే బొమ్మలు పెట్టి పిల్లల కోసం కాదని రాయడం పాలసీకి విరుద్ధమని పాలసీలోనే ఉంది. పట్టుబడతామా లేదా అన్నది పక్కన పెట్టండి. ఆ ఫారంలో ఉన్నది నిజం కాదని టిక్ పెట్టిన మనిషికి తెలుసు.

యాడ్‌ల విషయానికొస్తే నాకు నిజంగా కోపం వస్తుంది. మా క్లాసులో ఒకటో తరగతి పాప రంగులు వేసే యాప్‌లో ఏనుగుకు నీలం రంగు వేసింది. ఏనుగు పూర్తవగానే తెర నిండా ఒక వీడియో. చీకటి గది, తలుపు చప్పుడు, ఒక్కసారిగా మీదికి దూకే దయ్యం మొహం. పాప ఫోన్ కింద పడేసింది. మళ్లీ తెరిస్తే 'ఐదు నిమిషాల్లో లోన్' అని ఇంకోటి. మూసే గుర్తు ఆవగింజంత ఉంది, పాప వేలు పడితే యాడ్ మీదే పడుతుంది. లోన్ యాప్‌ల వేధింపులు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఇళ్లను ఏడిపించాయో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ యాప్‌కు ఇచ్చిన 3+ రేటింగ్‌లో ఏనుగు ఉంది, రంగులున్నాయి, ఈ దయ్యం లేదు. కానీ యాప్‌లో చూపించే యాడ్ కూడా యాప్ రేటింగ్‌కు తగ్గట్టే ఉండాలన్నది ప్లే స్టోర్ నియమం. యాప్‌లకు యాడ్‌లు అందించే గూగుల్ యాడ్‌మాబ్‌లో గరిష్ఠ యాడ్ రేటింగ్‌ను అందరికీ సరిపడే జీ నుంచి పెద్దలకు మాత్రమే అయిన ఎంఏ దాకా ఎంచుకునే వీలుంది. పిల్లల కోసం అని గుర్తు పెట్టే వీలూ ఉంది. కోడ్‌లో ఒకటి రెండు లైన్ల పని. అది రాయకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

బూతుల ప్రశ్న దగ్గర ఒక మాట. చాట్‌లో తిట్లు ఆపే ఫిల్టర్ ఉందని టీమ్ ధైర్యంగా చెబుతుంది. తెరిచి చూస్తే ఇంగ్లీషు తిట్ల జాబితా ఉంటుంది. తెలుగు తిట్టును ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తే హాయిగా దాటిపోతుంది, కన్నడం, తమిళం కూడా అంతే. బెంగళూరులో చేసిన గేమ్‌ను ఆడేది గుంటూరు పిల్లలు, హుబ్బళ్లి పిల్లలు, వెల్లూరు పిల్లలు. మీ టీమ్‌లోనే ఈ భాషలు మాట్లాడేవాళ్లు పక్కపక్క సీట్లలో కూర్చుని ఉన్నారు. ఒక మధ్యాహ్నం వాళ్లను కూర్చోబెట్టి జాబితా రాయించండి. మొహమాటం వద్దు, పని అది.

ఆపిల్ వైపు కొంత కదలిక వచ్చింది. 4+, 9+, 12+, 17+ అని ఉన్న పాత వరుసను 2025లో 4+, 9+, 13+, 16+, 18+ అని మార్చారు. కొత్త ప్రశ్నల్లో చాట్, వాడేవాళ్లు పెట్టే కంటెంట్, యాడ్‌లు, పేరెంటల్ కంట్రోల్స్ ఉన్నాయా అని విడిగా అడుగుతున్నారు. లెక్కలో వచ్చిన అంకె కంటే పై అంకెను మనమే ఎంచుకోవచ్చు కూడా. ఆ అవకాశాన్ని వాడుకోండి. కానీ మా క్లాసు పిల్లల్లో ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఆండ్రాయిడ్ ఫోన్లే, అవీ అమ్మవో నాన్నవో. స్టోర్ లెక్కలో ఆ ఫోన్ వాడేది ముప్పై అయిదేళ్ల మనిషి.

'తల్లిదండ్రులు చూసుకోవాలి కదా' అనేది మన ఆఫీసుల్లో ఎప్పుడూ వినబడే జవాబు. చూసుకోవాలి, కాదనను. కానీ పొద్దున ఆరింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి వచ్చే మనిషికి ప్రతి అప్‌డేట్‌నూ విప్పి చూడటం కుదరదు. అంత దాకా ఎందుకు, మన ఇళ్లలో మనమే చూడటం లేదు. ఆ యాప్‌లో కొత్తగా ఏం చేరిందో, ఏ తేదీన చేరిందో కచ్చితంగా తెలిసినవాళ్లు ఒక్కరే, దాన్ని చేర్చినవాళ్లు.

చట్టం కూడా దగ్గరికొస్తోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు అందరూ పిల్లలే. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, ఆ సమ్మతి నిజమైనదని తేల్చుకోవాలి. పిల్లల కదలికలను వెంటాడటం, వాళ్లను గురిపెట్టి యాడ్‌లు వేయడం కుదరదు. ఈ బాధ్యత తప్పితే జరిమానా 200 కోట్ల రూపాయల దాకా వెళ్లొచ్చు. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు. 'మా యాప్ పిల్లల కోసం కాదు' అనే టిక్ వెనక దాక్కున్న టీమ్‌లు అప్పుడు లాయర్లను వెతుక్కోవాల్సి వస్తుంది. నేను భయపెట్టడానికి చెప్పడం లేదు. ఎలాగూ చేయక తప్పని పనిని గడువు చివరి రోజుదాకా లాగొద్దని చెబుతున్నాను.

మీరు ఏం చేయాలని నా కోరిక? మొదట, ఆ ఫారాన్ని రిలీజ్ రాత్రి పన్నెండింటికి ఖాళీగా దొరికిన జూనియర్‌కు అప్పగించకండి. గేమ్ రాసినవాళ్లు, టెస్ట్ చేసినవాళ్లు, యాడ్‌లు చూసుకునేవాళ్లు ఒక అరగంట కలిసి కూర్చుని, పక్కన ఫోన్‌లో యాప్ తెరిచి పెట్టుకుని నింపండి. చాట్, రూమ్, వీడియో అప్‌లోడ్, కొత్త యాడ్ ఎస్‌డీకే (యాడ్‌లు చూపించే కోడ్), కాయిన్లు కొనే బటన్, వీటిలో ఏది చేరినా ఆ ఫారం మళ్లీ తెరవాలని మీ రిలీజ్ చెక్‌లిస్టులో ఒక లైన్ రాయండి. జవాబులు మారితే మళ్లీ నింపాలని స్టోర్ నియమం ముందు నుంచీ ఉంది, మనం పట్టించుకోలేదు అంతే. చిన్నపిల్లలు ఆడే గేమ్‌లో కొత్తవాళ్లతో మాట్లాడే రూమ్ మొదట ఆఫ్‌లోనే ఉండాలి, పెద్దవాళ్లు తెరిస్తేనే తెరుచుకోవాలి. స్టోర్ పేజీ వివరణలో మొట్టమొదటి లైన్ తెలుగులో, కన్నడంలో కూడా ఉండాలి: ఎవరి కోసం చేశాం, కొత్తవాళ్లతో మాటలున్నాయా, డబ్బు ఖర్చయ్యే చోట్లున్నాయా. మదనపల్లె అమ్మ చదవగలిగేది ఆ లైనే.

టీమ్ లీడ్‌లకు విడిగా ఒక మాట చెప్పాలి. 'ఇది 3+ కాదండీ' అని మీ టెస్టర్ అంటే, రిలీజ్ ఆగుతుందని విసుక్కోకండి. ఆ అమ్మాయి ఆ మాట అనడానికి ఎంత జంకి ఉంటుందో నాకు తెలుసు. ఆమె చెప్పింది టికెట్‌గా రాసి, మిగతా బగ్‌లకు ఇచ్చే ప్రాధాన్యమే దీనికీ ఇవ్వండి. క్రాష్ అయితే రిలీజ్ ఆపుతాం కదా, దీనికీ ఆపండి.

ఆ లారీల గేమ్ చేసినవాళ్లకు యాప్ పేజీలో ఇచ్చిన చిరునామాకు ఉత్తరం రాశాను. వాళ్ల పేరు ఇక్కడ పెట్టడం లేదు, పెడితే మిగతావాళ్లు అది తమ సంగతి కాదనుకుంటారు.

మా తెలుగు క్లాసు ప్రతి ఆదివారం పొద్దున పదింటికి. మీలో ఎవరికి వీలైతే వాళ్లు మీ కొత్త బిల్డ్‌ను ఒక ఫోన్‌లో వేసుకుని రండి. తల్లిదండ్రులను అడిగి, వాళ్ల ఎదురుగానే పిల్లల చేతికి ఇద్దాం. మీరు పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా, వాళ్లు ఏది నొక్కుతున్నారో, ఏ యాడ్ దగ్గర ఆగుతున్నారో, ఏ రూమ్‌లోకి వెళ్తున్నారో రాసుకోండి. తర్వాత కంటెంట్ రేటింగ్ ఫారం అక్కడే తెరిచి నింపుదాం. లాప్‌టాప్ నేను తెస్తాను.

ఇట్లు,
మారతహళ్లి నుంచి ఒక టెస్టర్, ఆదివారాల తెలుగు టీచర్